తల్లుల కోసం ఒక్క డాలరు

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి మార్కు సువార్తికుడు ఒక సంగతి ప్రత్యేకంగా రాశాడు. ఆమె తనకున్నదంతా వైద్యులకే ధారపోసింది (మార్కు 5:26). ఆమె విశ్వాసం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఖాళీ అయిన ఆమె డబ్బు సంచి గురించి విన్నది తక్కువ. స్త్రీకి వచ్చిన కష్టానికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఈనాటికీ తీరని ప్రశ్నే.

2002 జూలైలో అమెరికాలో ఈ ప్రశ్న గట్టిగా లేచింది. పేద దేశాల్లో సురక్షిత కాన్పులకు, కుటుంబ నియంత్రణకు తోడ్పడే ఐక్యరాజ్యసమితి జనాభా నిధికి అక్కడి కాంగ్రెస్ 3.4 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అధ్యక్షుడు బుష్ ప్రభుత్వం ఆ సొమ్మును నిలిపివేసింది. చైనాలో జరిగే బలవంతపు గర్భస్రావాలకు ఆ నిధి అండగా ఉందన్నది ఆరోపణ. ఆ సంస్థ దాన్ని ఖండించింది. తెలిసి సహకరించినట్టు ఆధారాలు లేవని అమెరికా పంపిన బృందమే చెప్పింది.

అప్పుడు ఇద్దరు స్త్రీలు ముందుకొచ్చారు. కాలిఫోర్నియాలో జేన్ రాబర్ట్స్ అనే విశ్రాంత ఉపాధ్యాయిని, న్యూమెక్సికోలో లోయిస్ అబ్రహాం అనే న్యాయవాది. ఒకరికొకరు తెలియకుండానే ఇద్దరూ ఒకే పిలుపునిచ్చారు: 3.4 కోట్ల మంది తలా ఒక డాలరు పంపండి! సుమారు ఏడాదిలో పది లక్షల డాలర్లు చేరాయి.

గర్భస్రావం పాపమని నమ్మే విశ్వాసులు మనలో చాలామంది ఉన్నారు. తమ పన్ను సొమ్ము దేనికి పోతోందోనని వారి మనస్సాక్షి నొచ్చుకోవడం సహజం. ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుకలో ఆ ఇబ్బంది లేదు. సణుగుకోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమనే కదా పౌలు కొరింథీయులకు రాసింది (2 కొరింథీ 9:7).

అయితే లెక్క కూడా చూడాలి. పది లక్షలంటే ఆగిపోయిన సొమ్ములో 34వ వంతు మాత్రమే. ప్రభుత్వ నిధులు 2009లో తిరిగి వచ్చాయి, 2017లో ఆగాయి, 2021లో మళ్లీ వచ్చాయి, 2025లో మళ్లీ ఆగాయి. పురిటి నొప్పులు ఎన్నికల ఫలితాల కోసం ఆగవు. అందుకే పన్ను చెల్లించమన్న మాటనూ (రోమా 13:7), ఉత్సాహంగా ఇవ్వమన్న మాటనూ మనం కలిపి చదవాలి. కానుక ఇచ్చాం కదా అని ప్రభుత్వాన్ని వదిలేయకూడదు. పన్ను కట్టాం కదా అని పొరుగింటి గర్భిణిని మరచిపోకూడదు.

కానుకల విలువ తెలుగు సంఘాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ సేవ వెనుక అమెరికా లూథరన్ స్త్రీల కానుకలున్నాయి. మన ముఖాలు కూడా చూడని తల్లులు మన తల్లుల కోసం ఇచ్చారు. ఆ అప్పు మనమీద ఉంది.

మన ఇళ్లలో స్త్రీలు వంటకు ముందు దేవుని కోసం గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఏడాదిలో ఒక ఆదివారపు కానుకను అలాగే పేద గర్భిణుల కోసం పక్కన పెడదామా? ఒకరికి ఆసుపత్రికి వెళ్లే ఆటో ఖర్చు, మరొకరికి రక్త పరీక్ష ఖర్చు. హెబ్రీ మంత్రసానులు శిఫ్రా, పూయా ఫరోకు భయపడక ప్రాణాలు కాపాడారు. దేవుడు వారికి మేలు చేశాడు (నిర్గమ 1:15-21). వారు చేయగలిగింది వారు చేశారు. మనవంతు మనం చేద్దాం.