పేరు పొరపాటు... ప్రాణాలకు చేటు

నిపా వైరస్ అనగానే ఇప్పుడు అందరికీ కేరళ గుర్తొస్తుంది. కానీ ఆ పేరు మనం ఉంటున్న మలేషియాలోని ఓ పల్లెది. నెగరి సెంబిలాన్ రాష్ట్రంలోని సుంగై నిపా. అక్కడి రోగి నుంచే ఈ వైరస్ బయటపడింది.

1998లో ఇపో చుట్టుపక్కల పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు జ్వరం, తలనొప్పి, ఆపైన మెదడువాపు మొదలైంది. దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపే అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు మాత్రం ఆగలేదు.

ఆ జబ్బు ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఇక్కడ మంచాన పడింది పెద్దవాళ్లు, అదీ పందులను దగ్గరగా తాకేవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లకూ వచ్చింది. దోమ మనిషి వృత్తి చూసి కుట్టదు కదా! ఈలోగా ఇక్కడి పందులు వేరే ప్రాంతాలకు, సింగపూర్‌కు కూడా అమ్ముడయ్యాయి. వాటితోపాటే వైరస్ కూడా వెళ్లింది.

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో డాక్టర్ చువా కా బింగ్ ఇది కొత్త వైరస్ అని తేల్చారు. దాదాపు పది లక్షల పందులను చంపాక గానీ అదుపులోకి రాలేదు. మలేషియాలో 265 మందికి సోకితే 105 మంది చనిపోయారు.

అసలు ఈ వైరస్ ఉండేది పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో. పందుల దొడ్ల పక్కనే మామిడి తోటలు వేశారు. గబ్బిలాలు కొరికిన పళ్లు కింద పడితే పందులు తిన్నాయి. బంగ్లాదేశ్‌లో పందులతో పనిలేకుండానే, గబ్బిలాలు నాకిన పచ్చి ఈత రసం తాగినవాళ్లకు సోకింది.

2018లో కేరళలో రోగుల నుంచి ఆసుపత్రిలోని వాళ్లకూ పాకింది, ఓ నర్సు ప్రాణం పోయింది. అయినా రెండో రోగి దగ్గరే వైద్యులకు అనుమానం వచ్చింది. వెంటనే పరీక్ష చేయించారు. రోగులను కలిసినవాళ్లను వెతికి వేరుగా ఉంచారు. కొన్ని వారాల్లోనే ముప్పు తప్పింది. తేడా అంతా జబ్బును త్వరగా పోల్చుకోవడంలోనే ఉంది.

నిపాకు ఆమోదం పొందిన టీకా ఇంకా లేదు. కాబట్టి జాగ్రత్తే మందు. గబ్బిలాలను చంపితే లాభం లేదు, కొరికిన పండు పారేయడం, పచ్చి ఈత రసం మానేయడం మేలు. జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళితే మనం ఏ పని చేస్తున్నాం, ఏ జంతువులను తాకాం, ఏ ఊరు వెళ్లొచ్చాం అన్నది అడగకపోయినా చెబుదాం. ఇపోలో మొదట్లో దారి తప్పించింది రోగాన్ని దోమల కోణంలోనే చూడటం. మన నోటి మాట ఆ దారిని సరిచేయగలదు.