ఆ దీవి ఖాళీగా లేదు

నేను చదువుకున్న మిషన్ స్కూల్లో మెట్ల పక్కన ఒక పటం ఉండేది. నల్లంగీ, గుండ్రటి కళ్ళద్దాలు, వెడల్పాటి టోపీతో ఒక తెల్ల ఫాదర్. చుట్టూ చేతులు చాచిన మనుషులు. ఫాదర్ మొహం స్పష్టంగా ఉండేది. చుట్టూ ఉన్నవాళ్ళకి మొహాలు గీసే ఓపిక ఆ చిత్రకారుడికి లేకపోయింది. మోరల్ సైన్స్ క్లాసులో ఆ పటం కథ చెప్పేవారు. డామియెన్ అనే కుర్ర ఫాదర్ ఎవరూ అడుగుపెట్టని దీవికి వెళ్ళాడు, కుష్ఠురోగుల మధ్య చెట్టు కింద పడుకున్నాడు, వాళ్ళకి ఇళ్ళు కట్టాడు, చివరికి అదే రోగంతో పోయాడు. విని ఏడ్చాను కూడా.

ఇరవై ఏళ్ళ తరవాత డామియెన్ గురించి దొరికినవన్నీ చదువుతుంటే ఆ పాత మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఎవరూ అడుగుపెట్టని దీవిలో రోగులెక్కణ్ణుంచి వచ్చారు?

ముందే చెప్తున్నా, నా గొడవ డామియెన్‌తో కాదు. ఆయన కథ చెప్పే వాక్యంతో. ఆ వాక్యంలో కర్త ఎప్పుడూ ఒక్కడే. వెళ్ళాడు, నేర్చుకున్నాడు, కట్టాడు, స్థిరపడ్డాడు. ఒక కొత్త మనిషి తెలియని ఊళ్ళో స్థిరపడ్డాడంటే ఆ ఊళ్ళో ఎవరో అతణ్ణి స్థిరపడనిచ్చారని అర్థం. భాష నేర్పారు, తిండి పెట్టారు, తప్పులు భరించారు. ఆ ‘ఎవరో’ని మన కథల్లోంచి తీసేసి, మిగిలినదానికి త్యాగమని పేరు పెట్టుకుంటున్నాం. భక్తులూ ఈ పనే చేస్తున్నారు, భక్తుల్ని వెక్కిరించేవాళ్ళూ ఇదే చేస్తున్నారు.

ముందు భక్తుల సంగతి. బెల్జియంలోని ట్రెమెలోలో 1840లో పుట్టిన ఈ కుర్రాడు అసలు హవాయి వెళ్ళాల్సినవాడే కాదు. వెళ్ళాల్సిన అన్న జబ్బుపడితే, ఆ చోటు నాకివ్వండని పైవాళ్ళకి ఉత్తరం రాసి బయల్దేరాడు. 1864 మార్చిలో హొనొలులులో దిగాడు, మే నెలలో ఫాదరయ్యాడు. మొదటి పోస్టింగు హవాయి దీవిలో, అగ్నిపర్వతం పక్కనున్న పూనా అనే పల్లెప్రాంతం. మరుసటేడు అంతకన్నా పెద్దదైన కోహాలా ప్రాంతానికి మారాడు. అప్పటికి వయసు పాతిక. ఇంటికి రాసిన తొలి ఉత్తరాల్లో ఆ దేశాన్ని చెడిపోయినవాళ్ళ దేశం, విగ్రహారాధకుల దేశం అన్నట్టు రాశాడు. దాచాల్సిన పనేం లేదు. పందొమ్మిదో శతాబ్దపు మిషనరీ కుర్రాడు ఇంకెలా రాస్తాడు?

ఆ తరవాతి ఎనిమిదేళ్ళూ గుర్రం మీదా, కాలినడకనా లావా రాళ్ళ మధ్య పల్లెలు తిరిగాడు. చిన్న చిన్న గుళ్ళు కట్టించాడు. హవాయి భాషలో ప్రసంగాలు చేసే స్థాయికి వచ్చాడు. ఆ భాషలో ‘డ’ శబ్దం లేదు కాబట్టి వాళ్ళ నోట్లో డామియెన్ ‘కామియానో’ అయ్యాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన వివరం ఇదే. ఆయన వాళ్ళకి బాప్తిస్మమిచ్చి కొత్త పేర్లు పెడుతున్నాడు. వాళ్ళేమో ఏ తతంగమూ లేకుండా ఆయనకే కొత్త పేరు పెట్టేశారు.

కానీ చాలా జీవితకథల్లో ఈ ఎనిమిదేళ్ళూ కొద్ది పేజీల్లో అయిపోతాయి. మొలొకాయి దీవికి ఎప్పుడు చేరతామా అన్న తొందర. ఆ తొందర నాకు అర్థం కాదు. 1873లో కుష్ఠురోగుల దగ్గరికి వెళ్ళి వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడగలిగాడంటే దానికి కారణం పూనా, కోహాలా. అక్కడి రైతులు, ముసలమ్మలు, పిల్లలు. ఆయన తప్పుగా పలికితే నవ్వి సరిదిద్దినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు మొలొకాయి. అక్కడ సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన ఒక చదునైన ముక్క ఉంది, కలావుపాపా ద్వీపకల్పం. వెనకంతా నిట్టనిలువు కొండ, మిగతా మూడువైపులా నీళ్ళు. 1865లో ఐదో కమేహమేహా రాజు కుష్ఠు వ్యాపించకుండా చట్టం చేస్తే, 1866 జనవరిలో మొదటి పన్నెండు మందిని అక్కడ దించారు. తొమ్మిది మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. అప్పటికే ఆ నేలమీద వందల ఏళ్ళుగా జనం ఉన్నారు. చిలగడదుంపలు పండించి కాలిఫోర్నియా బంగారం వేటగాళ్ళకి కూడా అమ్మిన రైతులు వాళ్ళు. రోగుల కోసం వాళ్ళని దఫదఫాలుగా ఖాళీ చేయించారు. చివరివాళ్ళు కదిలింది 1895లో.

అదే 1866 డిసెంబరులో ముప్ఫై అయిదు మంది రోగులు కలిసి సిలోవామా అనే ప్రొటెస్టెంట్ సంఘం పెట్టుకున్నారు. 1871కి సొంత గుడి లేచింది. మరుసటేడు ఒక కేథలిక్ బ్రదర్ వచ్చి సెయింట్ ఫిలోమినా గుడి కట్టి వెళ్ళాడు. అంటే 1873 మే 10న డామియెన్ పడవ దిగేసరికి అక్కడ రెండు గుళ్ళున్నాయి, వందల మంది జనమున్నారు, తగాదాలు, పాటలు, పొలాలు ఉన్నాయి. నరకంలాంటి పరిస్థితులూ ఉన్నాయి, కాదనను. మందు లేదు, సరైన కొంపల్లేవు, ప్రభుత్వం పంపే తిండి చాలేది కాదు. అయినా ‘దేవుడు మరిచిన దీవి’ అని రాసేవాళ్ళు ఒక్కసారి ఆ సిలోవామా గుడి తారీఖు చూడాలి.

మొదటి రాత్రుళ్ళు గుడి పక్కన మొగలిచెట్టు కింద పడుకున్నాడు. అది నిజం. రోగులతో కలిసి ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి పోయి తిన్నాడు. చేమదుంప ఉడకబెట్టి దంచి చేసే ముద్ద అది, అక్కడివాళ్ళకి మన అన్నం లాంటిది. ఈ గిన్నె దగ్గరే భక్తుల కళ్ళు చెమరుస్తాయి. ‘ఆయన వాళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టాడు’ అంటారు. నేనడిగేది ఒక్కటే. గిన్నె ఎవరిది? చాలీచాలని రేషన్‌లోంచి ఒక పరాయివాడికి చోటిచ్చి, రా కూర్చో అన్నది ఎవరు? ఆ వాక్యం మనం ఇంతవరకూ రాయలేదు.

ఇక వెక్కిరించేవాళ్ళు. అమెరికా పార్లమెంటు భవనంలో ఒక్కో రాష్ట్రానికి రెండేసి విగ్రహాలుంటాయి. 1969లో హవాయి పంపిన రెంటిలో ఒకటి మొదటి కమేహమేహాది, రెండోది డామియెన్‌ది. 2020లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఈ రెండోదాన్ని చూపించి, హవాయిని ఏలిన రాణి లిలిఉఒకలానీ బొమ్మ ఇక్కడెందుకు లేదు, వలసవాదుల కథే ఎందుకు చెప్తారు అంది. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్న పట్టుకుని మనవాళ్ళలో కొందరు ‘వైట్ సేవియర్’ అన్న రెండు ముక్కలతో పని ముగించేస్తారు. ఆ లిలిఉఒకలానీయే 1881లో కలావుపాపా వెళ్ళి రోగుల్ని చూసి, తిరిగొచ్చి డామియెన్‌కి రాజ్య పురస్కారం ఇప్పించిందన్న సంగతి ఆ రెండు ముక్కల్లో పట్టదు. ఆవిడకీ ఒక బుర్ర ఉందని, ఆవిడ ఆలోచించే ఆ పని చేసిందని ఒప్పుకోవాల్సొస్తుంది కదా! విగ్రహాన్ని మొక్కినా, కూలదొయ్యమన్నా చూపు విగ్రహం మీదే.

ఇది కొత్త జబ్బేం కాదు. 1889 ఏప్రిల్‌లో డామియెన్ పోయాక హొనొలులులోని హైడ్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు ఆయన మురికివాడు, మూర్ఖుడు, నీతి తప్పినవాడు అని ఒక ఉత్తరం రాస్తే అది అచ్చయింది. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన స్టీవెన్‌సన్ అప్పటికే కలావుపాపాలో వారం రోజులుండి వచ్చాడు. 1890లో సిడ్నీలో కూర్చుని హైడ్‌ని ఉతికి ఆరేస్తూ బహిరంగ లేఖ రాశాడు. పోలెమిక్ రాయాలనుకునేవాడు చదవాల్సిన రచనే, నేనూ నేర్చుకున్నాను. కానీ ఇప్పుడు చదివితే ఒకటి గుచ్చుకుంటుంది. ఇద్దరు ప్రొటెస్టెంట్ తెల్లాయనలు ఒక కేథలిక్ తెల్లాయన గురించి కొట్టుకుంటున్నారు. రోగులు ఆ కొట్లాటకి వెనక తెర.

వాళ్ళు రాసుకోలేదు కాబట్టి మనకి తెలియదు అంటారా? ఆ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. అప్పటి హవాయిలో చదువొచ్చిన జనం చాలా ఎక్కువ. డామియెన్ వచ్చిన ఏడాదే రోగిగా వచ్చిన పీటర్ కయేయో తన బంధువు ఎమ్మా రాణికి రాసిన ఉత్తరాలు 1976లో పుస్తకంగా వచ్చాయి. 1879లో వచ్చిన ఆంబ్రోస్ హచిసన్ యాభై ఏళ్ళకి పైగా అక్కడే బతికాడు, చాలాకాలం సూపరింటెండెంటుగా చేశాడు, జ్ఞాపకాలు రాశాడు. లేనిది రాతలు కాదు, వాటిని తెరవాలన్న కోరిక.

వీళ్ళందరిలో నాకు నిద్రపట్టనివ్వనివాడు జొనథన్ నాపేలా. హవాయి వాడు, మావీ దీవిలో జడ్జిగా చేసినవాడు, మోర్మన్ మతస్థుడు. మోర్మన్ గ్రంథాన్ని హవాయి భాషలోకి తేవడంలో అమెరికన్ మిషనరీకి కుడిభుజం. భార్య కిటీకి కుష్ఠు వచ్చింది. 1873లో ఆవిణ్ణి పంపిస్తుంటే తనూ వెళ్ళాడు. ఆయనకి రోగం లేదు. అలా వెళ్ళినవాళ్ళని ‘కోకువా’ అనేవాళ్ళు, అంటే సాయం. ఆయన్ని అక్కడి అధికారిగా పెట్టారు. రోగులు కాని కోకువాలకి కూడా రేషన్ ఇస్తున్నాడని కొన్నాళ్ళకే తీసేశారు. అప్పుడు ప్రభుత్వానికి విన్నపం రాసుకున్నాడు. జబ్బులోనూ ఆరోగ్యంలోనూ విడవనని పెళ్ళినాడు మాటిచ్చాను, నన్నిక్కడే ఉండనివ్వండి అని దాని సారాంశం. ఉండనిచ్చారు. 1879లో అదే రోగంతో పోయాడు. మతాలు వేరైనా డామియెన్‌కి ఆయనతో స్నేహముండేది.

రోగం లేకుండా వెళ్ళాడు, అక్కడే ఉన్నాడు, అంటించుకున్నాడు, పోయాడు. డామియెన్ కథలో మనల్ని ఏడిపించే ముక్కలన్నీ ఇందులో ఉన్నాయి. పైగా పదేళ్ళు ముందే. మరి స్కూల్లో ఈ పటం ఎందుకు లేదు?

దీనికి ఒక గట్టి జవాబుంది. నాపేలా వెళ్ళింది పెళ్ళాం కోసం, డామియెన్ వెళ్ళింది ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం. ఒప్పుకుంటాను, తేడా ఉంది, పెద్ద తేడాయే. పదహారేళ్ళు పరాయివాళ్ళ పుళ్ళు కడగడం నా వల్ల కాదు, ఈ వ్యాసాన్ని తిట్టబోయేవాళ్ళ వల్లా కాదు. కానీ సొంతవాళ్ళకి చేసింది సహజం, కాబట్టి అందులో చెప్పుకునేదేముంది అన్న లెక్క ఎక్కడో విన్నట్టుంది కదూ? మన ఇళ్ళల్లో మంచానపడ్డవాళ్ళకి ఏళ్ళ తరబడి ఎత్తిపోసే ఆడవాళ్ళ చాకిరీ మీద మనం కట్టిన లెక్క అదే.

మన దగ్గరికే వద్దాం. పాస్టరు కొడుకైన ఒక ఇంగ్లీషు కుర్రాడు ఇరవయ్యొక్క ఏళ్ళ వయసులో 1820లో కంపెనీ ఉద్యోగం మీద కడపలో దిగాడు. ‘బ్రౌన్ తెలుగుని బతికించాడు’ అని ఇప్పటికీ రాస్తాం. ఆయన జీతాలిచ్చి పెట్టుకున్న పండితులు కూర్చుని తాళపత్రాలు పోల్చి, పాఠాలు సరిచేసి, శుద్ధప్రతులు రాశారు. జూలూరి అప్పయ్య పేరు ఈ తరం పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? బ్రౌన్ తన డబ్బు ఖర్చుపెట్టాడు, పట్టు పట్టాడు, అది చిన్న విషయం కాదు. కానీ ఆయనకి వేమన పద్యం చదివి అర్థం చెప్పినవాడు లేకుండా బ్రౌన్ లేడు.

నేనేం కడిగిన ముత్యాన్ని కాను. మొదటిసారి ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు మంచు కురిసే ఒక చిన్న ఊళ్ళో దిగాను. అంతకుముందు ఫోన్లో కూడా మాట్లాడని ఒక సీనియర్ అన్న ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్ళాడు. మూడు వారాలు తన హాల్లో పడుకోబెట్టాడు. వాళ్ళావిడ పప్పు ఎలా వండాలో నేర్పింది. ఊళ్ళో నాన్న అందరికీ చెప్పుకునేవాడు, ‘మావాడు ఒక్కడే వెళ్ళి నిలదొక్కుకున్నాడు’ అని. స్పీకర్‌ఫోన్లో చాలాసార్లు విన్నాను. ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. వినడానికి బావుండేది మరి.

2009 అక్టోబరులో వాటికన్ డామియెన్‌ని సెయింట్‌ని చేసింది. అదే ఏడాది మార్చిలో కలావుపాపాలో ఒక స్మారకం కట్టడానికి అనుమతిచ్చే చట్టం మీద ఒబామా సంతకం పెట్టాడు. 1866 నుంచి 1969 దాకా అక్కడికి పంపిన దాదాపు ఎనిమిది వేల మంది పేర్లు దాని మీద చెక్కాలన్నది మిగిలిన రోగులు, వాళ్ళ వారసులు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం. ఆ ఎనిమిది వేలలో ఎక్కువమందికి ఇవాళ గుర్తుపట్టడానికి సమాధి కూడా లేదు.

వాటికన్ వార్త నాకు అప్పుడే తెలుసు, పేపర్లో చదివాను. ఈ రెండోది తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీలో ఎవరైనా డామియెన్ మీదో, బ్రౌన్ మీదో రేపు వ్యాసం రాస్తే, ఆయన వచ్చేసరికి అక్కడ ఎవరున్నారో ఒక్క పేరా రాయండి. పేర్లతో రాయండి. దొరకలేదంటే ఎక్కడ వెతికారో చెప్పండి.