షార్ట్ టెంపరా? కొట్టాడని చెప్పండి!

మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో మా చెల్లెలి కూతురు దాచేపల్లి వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళు. చేతిలో చిన్న బ్యాగు, పక్కన అల్లుడు లేడు. చెప్పకుండా ఆడపిల్ల అలా గడపలో నిలబడితే ముందు గుండె గుభేలుమంటుంది. తర్వాత నోరు లేస్తుంది. "అబ్బాయికి కాస్త షార్ట్ టెంపర్, అంతేగా! సర్దుకుపోవాలమ్మా" అనే మాట వచ్చేసింది. అన్నది ఇంకెవరో కాదు, నేనే.

"షార్ట్ టెంపర్ కాదు పెద్దమ్మా, అతను టాక్సిక్" అంది. మా మరిది నవ్వాడు. ఫోన్లో చూసి నేర్చుకున్న మాటలన్నాడు.

రాత్రి నా పక్కనే పడుకుంది. "ఆ ఇంగ్లీషు ముక్క నాకు అర్థం కాలేదే. ఏం చేశాడో చెప్పు" అన్నాను. చెప్పింది. కూర చల్లారిందని కంచం విసిరాడట. అమ్మతో మాట్లాడుతోందని ఫోన్ లాక్కుని మూడు రోజులు బీరువాలో పెట్టి తాళం వేశాడట. డ్యూటీకి పోతూ బయట గడియ పెట్టి పోతాడట. రెండుసార్లు చెంప మీద కొట్టాడట. రెండోసారి కొట్టాక రెండు రోజులు ఒక చెవి సరిగా వినపడలేదట.

నాకు నిద్ర పట్టలేదు. ఇదంతా నా "షార్ట్ టెంపర్" కింద దాచేశానా!

మన ఇళ్ళల్లో దుర్మార్గానికి ఇంగ్లీషు తొడుగు వేయడం బాగా అలవాటైంది. కొట్టేవాడు షార్ట్ టెంపర్. అనుమానించేవాడు పొసెసివ్. పెళ్ళాం జీతం లాక్కునేవాడు స్ట్రిక్ట్. తాగొచ్చి తిట్టేవాడు పాపం స్ట్రెస్‌లో ఉన్నాడు. మిగిలిన కట్నం ఎప్పుడిస్తారని అడిగే అత్తమామలు ప్రాక్టికల్ మనుషులు. అదే తెలుగులో చెప్పామనుకోండి, వెంటనే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. ఇంగ్లీషులో అంటే ఏమీ చేయక్కర్లేదు. కాఫీ తాగి లేచిపోవచ్చు.

ఒక్కటి అడుగుతాను. ఆఫీసులో మేనేజర్ నలుగురిలో తిట్టినప్పుడు ఆ షార్ట్ టెంపర్ ఎక్కడికి పోతుంది? అక్కడ నోరు మూసుకుని "ఎస్ సార్" అంటాడు కదా. తిరిగి ఏమీ అనలేని మనిషి ముందు మాత్రమే వచ్చే కోపానికి టెంపర్ అని పేరెందుకు?

మనం మాటను చిన్నది చేస్తే, పిల్లలు పెద్దది చేస్తున్నారు. సైకో, శాడిస్ట్, మాన్‌స్టర్. శాడిస్ట్ అనే మాట మార్క్వి ద సాద్ అనే ఫ్రెంచి రచయిత పేరు నుంచి పుట్టింది. ఎదుటివాళ్ళ బాధ చూసి ఆనందించేవాడని అర్థం. మనం చూసే మొగుళ్ళలో చాలామంది ఆనందం కోసం కొట్టరు. కొడితే అడిగేవాళ్ళు లేరని కొడతారు. సైకో అంటే అదో జబ్బన్నట్టు. జబ్బుకి మందేస్తారు, జాలిపడతారు, తప్పు పట్టరు.

2018 మే నెల మన ఊరివాళ్ళు మరిచిపోలేరు. ఒక చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగింది. జనం రోడ్డెక్కారు. నిందితుడు తర్వాత శవమై దొరికాడు. అందరి నోటా మృగం, రాక్షసుడు, సైకో. ఆ కోపం న్యాయమైనదే. కానీ మృగం అడవి నుంచి వస్తుంది. అతను మన ఊరి మనిషే. మన దేశంలో అత్యాచారం కేసుల్లో పదింటికి తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. మృగం కోసం అడవి వైపు చూస్తూ కూర్చుంటే, పక్కింటి మనిషిని ఎవరు చూస్తారు?

ఇక ఆడవాళ్ళ సంగతికి వస్తే మాటలకి కొదవే లేదు. గయ్యాళి. దానికి మగవాడికి వాడే మాట చెప్పండి చూద్దాం! సూర్యకాంతమ్మగారు ఎంత మంచి మనిషో ఆవిడతో పనిచేసినవాళ్ళు చెబుతారు. అయినా సినిమాల్లో గయ్యాళి వేషాలు వేసినందుకు ఆవిడ పేరే తిట్టయింది. ఆడపిల్లకి ఆ పేరు పెట్టుకోవడానికే జనం జంకారు. మన పల్నాటి నాయకురాలు నాగమ్మనే తీసుకోండి. నలగామరాజు దగ్గర మంత్రిగా రాజ్యం నడిపింది. ఎత్తుకి పైఎత్తు బ్రహ్మనాయుడూ వేశాడు. ఆయనది రాజనీతి, ఆవిడది కుట్ర! కారంపూడి రణం పాపం మాత్రం ఎక్కువగా ఆవిడ నెత్తినే పడింది.

చట్టం మనకంటే నయం. 1983లో శిక్షాస్మృతిలో 498ఎ చేర్చినప్పుడు "క్రూరత్వం" అనే మాట పెట్టి ఊరుకోలేదు, అదేమిటో చెప్పింది. ఆత్మహత్యకు పురికొల్పేలా, ఒంటికో మనసుకో తీవ్రమైన హాని జరిగేలా కావాలని ప్రవర్తించడం. డబ్బు కోసం, ఆస్తి కోసం వేధించడం. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. మూడేళ్ళ దాకా జైలు. 2005 నాటి గృహహింస చట్టం తిట్లనీ, డబ్బు చేతికివ్వకపోవడాన్నీ కూడా హింసే అంది. ఆ చట్టాల ముందు "మా ఆయన శాడిస్ట్" అంటే ఏమీ నిలవదు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశాడు, ఎవరు చూశారు అనేది కావాలి.

"సంసారాన్ని రచ్చకీడుస్తారా" అనేవాళ్ళకి నాదొకటే జవాబు. గడియ బయట నుంచి పెట్టినవాడు సంసారం చేయడం లేదు, కాపలా కాస్తున్నాడు.

మా పిల్ల ఇంకా ఇక్కడే ఉంది. మర్నాడే చెవి డాక్టరుకి చూపించాం, చీటీ దాచాం. ఒక నోటుబుక్కు ఇచ్చి తేదీలతో రాయమన్నాను. టాక్సిక్ అని ఒక్కచోట కూడా రాయొద్దన్నాను. 181 నంబరు మొదటి పేజీలో నేనే రాశాను. నిన్న మా మరిది మళ్ళీ "ఎంతైనా కుర్రాడికి కాస్త టెంపర్..." అని మొదలుపెట్టాడు. ఆ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. రెండు పేజీలు చదివాడు. ఈసారి నవ్వలేదు.