హాని లెక్కతో మతాలను తూచవచ్చునా?

గుంటూరు బ్రాడీపేటలోని ఆలయాలలో సాయంకాల ప్రవచనం ముగిసి, తీర్థప్రసాదాలు స్వీకరించిన పిమ్మట మండపంలో కొంతసేపు ధర్మచర్చ సాగడం పరిపాటి. ఇటీవలి కాలంలో ఆ చర్చ తరచుగా ఒకే ప్రశ్న వద్దకు చేరుతున్నది. లోకానికి అధికమైన హాని చేసిన మతం ఏది? ఎవరో ఒకరు చరవాణి తీసి వాట్సాప్‌లో వచ్చిన పట్టికను చదువుతారు. ఫలానా మతం పేర ఇన్ని లక్షల హత్యలు, ఫలానా మతం పేర ఇన్ని దేవాలయాల ధ్వంసం, సనాతన ధర్మం పేర మాత్రం శూన్యం. విన్నవారు తృప్తిగా ఇళ్లకు వెళతారు. ఆ తృప్తి విచారణకు నిలిచేదేనా అన్నది ఇక్కడ విషయం.

ముందుగా ఒక మాట. చరిత్రలో జరిగిన దారుణాలను దాచమని ఎవరూ చెప్పరాదు. గోవాలో పోర్చుగీసువారు 1560లో నెలకొల్పిన మతవిచారణ న్యాయస్థానం 1812 వరకు సాగినది. 2001లో బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చివేశారు. బాధపడినవారి పక్షాన ఇవి చెప్పవలసినవే. అట్లే సిద్ధాంతాలను పోల్చడమూ దోషం కాదు. కుమారిలభట్టు, శంకర భగవత్పాదులు, ఉదయనాచార్యుడు బౌద్ధమతాన్ని పూర్వపక్షం చేసి ఖండించారు. అయితే వారు ఎదుటివారి ప్రమాణాలను, యుక్తులను పరిశీలించారే గాని శవాలను లెక్కించలేదు. వాదానికి, ఈ పట్టికకు గల భేదం అదే.

హాని చేత మతాన్ని నిర్ణయించాలంటే, ఆ హానికి ఆ మతమే కారణమని ముందు నిరూపించాలి. తర్కశాస్త్రం ఈ విషయంలో చాలా కఠినమైనది. కార్యానికి ముందు ఉన్నదెల్లా కారణం కాదు. కుండకు మట్టి కారణం, చక్రం కారణం, కుమ్మరి కారణం. ఆ మట్టిని మోసిన గాడిద కూడా కుండకు ముందు అక్కడ ఉన్నదే. అయినా నైయాయికులు దానిని అన్యథాసిద్ధం అన్నారు. అది లేకున్నా మట్టి మరొక విధంగా చేరేది, కుండ పుట్టేది. హాని జరిగిన ప్రతి చోటా మతం కుమ్మరియా, మట్టియా, లేక గాడిదయా అని అడగాలి. పట్టిక వ్రాసినవారు ఈ ప్రశ్న అడిగిన జాడ లేదు.

అమరావతి మహాచైత్యాన్ని తీసుకోండి. శాతవాహనుల కాలపు ఆ శిల్పసంపదకు సాటి వచ్చేవి దేశంలో అరుదు. 18వ శతాబ్ది చివరికి అది ఊరివారికి దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ మాత్రమే. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ నూతన నగరం కట్టిస్తుండగా పనివారు ఆ దిబ్బను త్రవ్వి ఇటుకలు, పాలరాతి వంటి పలకలు తీసుకుపోయారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికి త్రవ్వకం సాగుతున్నది. శిల్పాలు కొన్ని గోడలలోకి, కొన్ని సున్నపు బట్టీలోకి పోయాయి. మిగిలినవి తరువాత మద్రాసుకు, లండనుకు చేరాయి. చేయించినవాడు అమరేశ్వరస్వామి భక్తుడు. పోయినది బౌద్ధుల చైత్యం. పట్టికలో దీనిని ఎక్కడ వ్రాయాలి? హిందువులు చేసిన విధ్వంసమని ఒకరు వ్రాయవచ్చు. కాని ఆ పనివారికి కావలసినది రాయి, సున్నం. అక్కడ బుద్ధుడున్నాడని వారిలో ఎందరికి తెలుసు? మహా నష్టం జరిగినది, నిజం. మతం మాత్రం ఇక్కడ గాడిద.

పల్నాటి యుద్ధంలో ఇంత సులువు లేదు. 12వ శతాబ్దిలో కారంపూడి వద్ద నాగులేటి ఒడ్డున జరిగిన ఆ పోరును శైవ వైష్ణవ కలహమని చెప్పేవారున్నారు. బ్రహ్మనాయుడు చెన్నకేశవ భక్తుడు, నాగమ్మ శైవపక్షం. దాయాదుల రాజ్యభాగం గొడవ అని, కోడిపందెపు పౌరుషమని చెప్పేవారూ ఉన్నారు. మాలవాడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు పుత్రునిగా స్వీకరించి సేనాపతిని చేశాడనీ, అన్ని కులాలవారినీ చాపకూటిలో కూర్చుండబెట్టాడనీ, అసలు పగకు అదే మూలమనీ మరికొందరి అభిప్రాయం. ఇందులో ఏ కారణానికి ఎంత పాలో ఇన్ని వందల ఏళ్లకు ఎవరూ తేల్చలేకపోయారు. ఇక ప్రపంచంలోని యుద్ధాలన్నిటినీ ఒక్క పుటలో మతాల వారీగా పంచిపెట్టినవారి ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే.

ఇంతవరకు వింటే ఆస్తికులకు సంతోషమే కలుగుతుంది. మతం వేరు, హాని వేరు, ఎవరికీ దోషం లేదని తేలినట్లు తోస్తుంది. అయితే అన్ని చోట్లా మతం గాడిద కాదు. ఆ సంగతి దూరదేశాలకు పోకుండానే తెలుస్తుంది.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో అగ్రకులస్థులు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. కలహం మొదలైనది మంచినీటి చెరువు దగ్గర. పల్లెవారు త్రాగే నీటిని మలినం చేయవద్దని అడగడమే వారి అపరాధమైనది. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాల చేరి తలదాచుకున్నారు. ఆరేళ్లు గడిచాక, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి శవాలను కాలువలో పడవేశారు. అక్కడి వైరానికి నాంది సినిమాహాలులో ఒక యువకుని కాలు ముందు వరుసలోని అగ్రకులస్థునికి తగలడం. ఆ కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించినది. 2014లో ఉన్నత న్యాయస్థానం అందరినీ విడుదల చేసినది. సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును నిలిపివేసినది. ఒక్క గ్రామంలో, ఒక్క దినాన, ఎవరు దోషులో నిర్ణయించడమే ఇంత కష్టమైనది.

ఈ మృతులను పట్టికలో ఏ వరుసలో చేర్చాలి? కారంచేడు మృతులలో పలువురి పేర్లు బైబిలు నుండి వచ్చినవి. కనుక హిందువులు క్రైస్తవులను చంపారని వ్రాయాలా? చంపినవారు వారి ప్రార్థనను చూసి చంపలేదు, పుట్టుకను చూసి చంపారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించినవారికి షెడ్యూల్డు కులపు గుర్తింపు ఉండదు. అందుచేత ఈ జిల్లాలలో ఎన్నో కుటుంబాలు కాగితం మీద హిందువులు, ఆదివారం నాడు క్రైస్తవులు. అటువంటి మనిషి మీద పడిన దెబ్బను ఏ మతపు ఖాతాలో జమకట్టాలో చెప్పగల గణకుడు లేడు. పైగా మతం మారినంత మాత్రాన ఆ దెబ్బ తప్పలేదు, చర్చి లోపల కూడా కులం పోలేదు. మాలల ప్రార్థనామందిరం, మాదిగల ప్రార్థనామందిరం వేరువేరుగా ఉన్న ఊళ్లు ఈ ప్రాంతంలో అందరూ ఎరిగినవే.

అయినా ఒక్క విషయం తప్పించుకోవడానికి వీలు లేదు. ఆ చెరువు గట్టున అంటు అనే మాట ఎక్కడి నుండి వచ్చినది? అది సున్నపు బట్టీ నుండి రాలేదు. శౌచం, అశౌచం, స్పర్శ, దృష్టి అనే ఆలయ పరిభాషనే కొందరు మనుష్యులపై శాశ్వతంగా ముద్రించినందున వచ్చినది. భూమి, కూలి, రాజకీయం అక్కడ కారణాలు కావని కాదు. ఆ మట్టికి ఆకారం ఇచ్చిన చక్రం మాత్రం ఇదే. దానిని తొలగించి చూస్తే, నీటి కోసం అడిగిన మాట అంతటి ధిక్కారంగా వినిపించేది కాదు.

దీనికి ఆస్తికులు చెప్పే సమాధానం ప్రసిద్ధమే. అస్పృశ్యత వేదంలో లేదు, అది తరువాత చేరిన వికారం, కనుక ధర్మానికి దోషం అంటదు. సమాధానం సబబుగానే ఉన్నది. కాని ఇదే సమాధానాన్ని బామియాన్ విషయంలో ఒక ముస్లిం, గోవా విషయంలో ఒక క్రైస్తవుడు చెబితే మండపంలో ఎవరైనా అంగీకరిస్తున్నారా? అప్పుడు ఫలం చూసి వృక్షాన్ని నిర్ణయించాలంటారు. స్వపక్షానికి సిద్ధాంతం, పరపక్షానికి ఆచరణ కొలబద్దలైతే అది విచారణ కాదు. మిర్చియార్డులో కూడా సరుకు ఎవరిదైనా కాటా ఒక్కటే. సిద్ధాంతాన్ని ఆచరణ నుండి వేరు చేసే వెసులుబాటు కావాలంటే అందరికీ ఇవ్వాలి, వద్దంటే తానూ వదులుకోవాలి.

హత్యలను మాత్రమే లెక్కించే పద్ధతిలో మరొక లోపమున్నది. ఊరి బావికి దూరంగా నిలబడి ఎవరైనా వచ్చి నీరు పోసేదాకా ఎదురుచూసిన స్త్రీల దినాలు ఏ పట్టికలోనూ లేవు. ధ్వజస్తంభాన్ని దూరం నుండి చూసి దండం పెట్టి వెళ్లిపోయిన తరాలు లేవు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చినది. అంతకుముందు గడచినది ఎంత కాలమో! అక్కడ రక్తం కారలేదు కనుక పట్టికలో శూన్యం. ఆ శూన్యమే మండపంలో తృప్తికి మూలం.

ఒంగోలు ప్రాంతపు చరిత్ర ఈ సందర్భంలో తెలుసుకోదగినది. 1876-78 నాటి మహాక్షామంలో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం గుత్తకు తీసుకుని మాదిగలకు కూలి కల్పించాడు. అన్నం కోసం చేరారనే మాట రాకూడదని క్షామం సాగినంత కాలం బాప్తిస్మం నిలిపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీనిని హైందవ సమాజానికి క్రైస్తవం చేసిన హానిగా ఎంచేవారు చాలామంది. ఆ మాదిగలలో మొదటివాడైన ఎర్రగుంట్ల పేరయ్య అంతకు పూర్వం రాజయోగ సాధకుడు. ఆత్మజిజ్ఞాస ఉన్నది, గురువును ఆశ్రయించినాడు, ధ్యానం చేసినాడు. అటువంటివానికి ఆలయంలో చోటు లేకపోయినది. ఎవరు ఎవరికి హాని చేశారన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం, అడిగేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్నదానిని బట్టి మారుతుంది. ఆలయం తరఫున నిలబడినవాడు ముందుగా క్లౌను ప్రశ్నించడం తగదు.

ధర్మశాస్త్రంలో ప్రాయశ్చిత్త విధి ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చినది. పాపం చేసినవాడు పరిషత్తు ఎదుట తన పాపాన్ని తానే చెప్పుకోవాలి. పక్కింటివాడు ఇంతకన్న పెద్ద పాపం చేశాడని చెబితే పరిషత్తు కృచ్ఛ్రంలో ఒక్క ఉపవాసాన్నైనా తగ్గించదు. బ్రహ్మహత్యాది మహాపాతకాలు నాలుగైతే, ఆ పాపులతో సంసర్గాన్ని ఐదవదిగా చెప్పారు. చేయనివాడు కూడా కలసి మెలసి మౌనంగా ఉంటే దోషి అని దీని అర్థం. కారంచేడు తరువాత, చుండూరు తరువాత ఈ మైదానంలోని ఎన్ని ఆలయాల ప్రవచనాలలో ఆ ఊళ్ల పేర్లు వినిపించాయి? ఇంత స్పష్టమైన శాస్త్రం చేతిలో ఉంచుకుని ప్రపంచ మతాల పట్టిక వెదకడం వింతే.

2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో చిలుకూరు అర్చకులు శ్రీ సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుని భుజాలపై ఎక్కించుకుని సన్నిధికి తీసుకువెళ్లారు. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని శ్రీరంగంలో మోసిన ఘట్టాన్ని అనుసరించిన సేవ అది. ఒక్క దినపు కార్యక్రమం వల్ల ఏమి ఒరిగిందని పెదవి విరిచినవారూ ఉన్నారు. వారి మాటలోనూ కొంత నిజమున్నది. గుంటూరు, ప్రకాశం మండలాలలో ఏటా కల్యాణోత్సవాలకు గ్రామోత్సవం జరుగుతుంది. స్వామి పల్లకి ఏ వీధి మొగవరకు వెళ్లి వెనుకకు మరలుతున్నదో ఆ ఊరి అర్చకునికి, ధర్మకర్తలకు, పల్లకి మోసే బోయీలకు తెలుసు. ఈ ఏడు ఆ మొగ దాటి పల్లె చివరిదాకా వెళ్లాలంటే ఎవరి అనుమతీ అక్కరలేదు, ఆగమం కూడా అడ్డు చెప్పదు.