చేతికి తగ్గ పిడి

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, స్కూటర్ల వెనక, ఒక పెద్దాయన చిన్న బల్ల వేసి దానికో వైస్ బిగించుకున్నారు. బాలానగర్‌లో ముప్ఫయ్యేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కుక్కర్ పిడుల నుంచి పిల్లల సైకిళ్ల దాకా అక్కడ బాగవుతుంటాయి. రెండేళ్ల క్రితం ఆ వైస్‌లో టేకుముక్క కనిపించింది. ఏమిటంటే తుపాకి పిడి అన్నారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

భయపడాల్సిందేమీ లేదు. ఆయన మనవరాలు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. తొమ్మిదో తరగతి పిల్ల, పుర్రచేతి వాటం. క్లబ్బులో ఉన్న రైఫిళ్లన్నీ కుడిచేతివి. బొటనవేలు ఆనించుకోవాల్సిన గట్టు పిడికి అవతలి పక్కన ఉంటుంది, గుండు నింపే లీవరూ కుడివైపే. కుడిచేత్తోనే అలవాటు చేసుకోమని క్లబ్బు వాళ్లు తేల్చేశారు. మన ఇళ్లలో పుర్రచేత్తో అన్నం తినే పిల్లలకు చెప్పే మాటే!

ఇంత చిన్న విషయానికి అంత రాద్ధాంతమా అనిపిస్తుంది. కానీ ఈ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. రైఫిల్ బరువేమో అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. పిడి దగ్గర మణికట్టు కాస్త బిగిసినా ఆ చుక్క తప్పిపోతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు ముందు సాధనలో తన గురి ఒక్కసారిగా దారుణంగా తప్పిందని, సైటు కదిలిపోయి ఉందని అభినవ్ బింద్రా తన ఆత్మకథలో రాసుకున్నారు. సరిచేసుకున్నారు, చివరి గుండుకు 10.8 కొట్టి స్వర్ణం తెచ్చారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచినప్పుడు, రైఫిల్ కోసం ఆయన తండ్రి స్థలం అమ్మిన కథ పత్రికలన్నీ రాశాయి. అమ్మడానికి స్థలం లేనివాళ్లకు మిగిలేది క్లబ్బు రైఫిలే.

దాన్ని చెక్కడానికి క్లబ్బు ఒప్పుకోలేదు, అందులో తప్పూ లేదు. ఇంకో ఇద్దరు పిల్లలు అదే వాడతారు. పెద్దాయన పాత పిడి కొలతలు తీసుకుని, అదే బోల్టుకు ఎక్కేలా వేరే పిడి చెక్కడం మొదలెట్టారు. ట్రిగర్ లోపలి యంత్రం జోలికి వెళ్లనని ముందే చెప్పారు. మంచిపనే. లైసెన్సు లేకుండా తుపాకులు మార్చినా, మరమ్మతు చేసినా 1959 నాటి ఆయుధాల చట్టం ఊరుకోదు. ఎయిర్ రైఫిల్ సంగతి వేరే అయినా, ఫిట్టరుకు తన హద్దు తెలుసు.

తర్వాత చూసిందే నాకు నచ్చింది. పిల్ల అరచేతికి బొగ్గుపొడి పూసి పిడి పట్టుకోమనేవారు. నల్లబడ్డ చోట ఎత్తు ఎక్కువున్నట్టు. అక్కడ ఆకురాయితో రెండు దెబ్బలు. మరీ అరిగిపోయిన చోట జిగురులో రంపపుపొట్టు కలిపి మెత్తేవారు. ఆరాక ఉప్పుకాగితం. మళ్లీ బొగ్గు. ఆదివారానికో మిల్లీమీటరు చొప్పున ఆరు వారాలు పట్టింది.

కొత్త పిడితో మొదటిరోజు స్కోరు పడిపోయింది. పిల్ల ఏడ్చింది. చెంప ఆనే దిమ్మ ఎత్తు కూడా మారాలని అప్పుడే తెలిసింది. ఇప్పుడు దిమ్మ ఎత్తు, వెనక పలక దూరం నోటుపుస్తకంలో రాసుకుంది. తన వంతు రాగానే ఆ అంకెలకు తిప్పుకుంటుంది, దిగేటప్పుడు పాత పిడి బిగించి ఇస్తుంది. లీవరుకు మాత్రం చెయ్యి చుట్టి తిప్పాల్సిందే. 75 నిమిషాల్లో 60 గుళ్లు పేల్చాల్సిన ఆటలో ఆ క్షణాలు తక్కువేం కాదు.

పోయిన నెల జిల్లా పోటీల్లో ఎంపిక కాలేదు. రెండు పాయింట్లు తగ్గాయి. అక్కడే మరో పుర్రచేతి కుర్రాణ్ని చూసి క్లబ్బు వాళ్లే పెద్దాయనకు ఫోన్ చేశారట, ఆ పిడి వాడికీ ఇస్తారా అని.

‘‘అది వాడికెలా సరిపోతుందండీ?’’ అన్నారు నాతో, వైస్‌లో కొత్త టేకుముక్క బిగిస్తూ. ‘‘ఆదివారం పంపమన్నాను. చెయ్యి చూడాలి.’’