మాటసాయం

"మనవాడొకడున్నాడు, పనిలో పెట్టుకోండి." ఈ ఒక్క మాట మీద బొంబాయిలో మన కుటుంబాలు ఎన్ని తరాలు బ్రతికాయో లెక్క కట్టడం కష్టం. అయితే అటువంటి మాటకుండే బలాన్ని గురించిన లెక్క ఒకటి మనకు దగ్గరలోనే, దాదర్‌లో, కట్టబడింది. ఈ నెల దానిని గురించి పాఠకులకు మనవి చేయదలచాము.

ముందు మన సంగతి. నిజాం ఇలాకా నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చిన కామాఠీల పేరే కామాటిపురకు నిలిచింది. ఆ వచ్చినవాళ్ళ చేతిలో సర్టిఫికెట్లు లేవు, మూటలో రూకలు లేవు. ఎరిగిన మేస్త్రీ ఉంటే పని దొరికేది. 1854లో తార్‌దేవ్‌లో మొదటి బట్టల మిల్లుకు కంపెనీ ఏర్పడింది. తరువాత మిల్లులు పెరిగినకొద్దీ మనుషులను చేర్చే పెత్తనం జాబర్ల చేతికి వచ్చింది. జాబరు తనవాళ్ళను తెచ్చేవాడు, దస్తూరీ కూడా పుచ్చుకునేవాడు. 1931లో లేబర్ కమిషన్ ఈ పద్ధతిని తప్పుపట్టింది. 1935లో బదిలీ పనివాళ్ళకు కార్డులిచ్చే ఏర్పాటు వచ్చింది. అయినా "వీడు మావాడు" అనే మాటకు విలువ పోలేదు.

ఎందుకు పోలేదు? యజమానికి కొత్తవాడి గుణం తెలియదు. మేనమామ పూచీపడితే, పిల్లవాడు పని ఎగ్గొట్టిన రోజున మామ మాట పోతుంది. కనుక మామే వాణ్ణి అదుపులో పెడతాడు. యజమానికి నమ్మకం, పిల్లవాడికి కూడు, మామకు పరువు. ఆస్తి లేనివాళ్ళకు ఇంతకంటె గొప్ప పెట్టుబడి ఏమున్నది?

కాని మామ తానెరిగిన వాకిలినే చూపగలడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు దాదర్ ప్రాంతంలో సుమారు 4,900 మహారాష్ట్ర కుటుంబాలను విచారించి, ఇరవై ఏళ్ళ చదువుల, సంపాదనల వివరాలు పోగుచేశారు. 2006లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పత్రికలో ఫలితం ప్రకటించారు. 1990 తరువాతి పదేళ్ళలో ఆఫీసు ఉద్యోగాల జీతాలూ, ఇంగ్లీషు చదువు విలువా బాగా పెరిగాయి. అయినా కష్టజీవుల కులాలలో మగపిల్లలను ఇంకా మరాఠీ బడులకే పంపుతూ వచ్చారు. తండ్రీ మామా చేసే పని వాళ్ళకోసం సిద్ధంగా ఉన్నది గదా! అదే ఇళ్ళలోని ఆడపిల్లలు మాత్రం త్వరత్వరగా ఇంగ్లీషు బడులకు మారారు. వాళ్ళకోసం మాట చెప్పేవారెవరూ ఏనాడూ లేరు కనుక, వాళ్ళను పట్టి ఉంచేవారూ లేకపోయారు.

ఆ పండితులు మరొక సూక్ష్మం చెప్పారు. ఒకడు వేరే దారి పడితే, మిగిలినవాళ్ళకు మాట చెప్పేవాడు ఒకడు తగ్గుతాడు. అందుచేత నలుగురికీ మేలుచేసే కట్టుబాటే ఒక్కొక్క పిల్లవాడి కాలికి బంధమవుతుంది.

వాళ్ళు చూసినది మన గల్లీలను కాదు, నిజమే. అయినా మన చాళ్ళలో ఈ కథ తెలియని ఇల్లు ఉన్నదా? 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు 2,50,000 మంది పని మానారు. ఆ తరువాత అనేక మిల్లులు మూతపడ్డాయి. మాట చెప్పవలసిన మామే వాకిట్లో కూర్చోవలసి వచ్చింది. ఒకే వాకిలిని నమ్ముకున్న ఇంటికి అది మూసుకుంటే గాలి ఆడదు.

అలాగని మాటసాయం మానమని మేము చెప్పము. మనిషికి మనిషి పూచీపడని ఊరు ఊరే కాదు. ఆ సాయాన్ని కాస్త వెడల్పు చేయమంటున్నాము. మనలో ఇప్పుడు బ్యాంకులలో, ఆసుపత్రులలో, కంపెనీలలో కుదురుకున్నవారున్నారు. ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ కోర్సు చదివితే ఏ పని దొరుకుతుందో పొరుగింటి పిల్లలకు చెప్పడమూ మాటసాయమే. సంఘం హాలులో ఆదివారం ఒక గంట ఇందుకు కేటాయించవచ్చు.

ఆ గంటకు ఆడపిల్లలనూ పిలవాలి. ఎవరి సిఫారసూ లేకుండా చదువుకుని నెల జీతం తెచ్చే అమ్మాయిని, పెళ్ళి కుదరగానే పని మానమనడం ఏ లెక్కకూ అందదు. పదిహేనేళ్ళ చదువు ఖర్చు ఒక్క ముహూర్తంతో కొట్టివేసినట్టే గదా!

ఇక ఇంగ్లీషు బడికి పోయే పిల్లల తెలుగు మాటేమిటని పెద్దలు అడుగుతారు. బడి అన్నం పెట్టే భాష నేర్పుతుంది. అమ్మభాష ఇంట్లో నేర్పవలసినది మనమే. ఆ పనికి ఎవరి సిఫారసూ అక్కరలేదు.