మామ చేతిలో పానా లాక్కోవద్దు



పోయిన నెల మన గోడపత్రికలో ఒక అక్క "అంధులకు సహాయం చేయాలి" అని రాసింది. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలి, దానం చేయాలి అని రాసింది. చాలా బాగుంది. కానీ మా ఇంట్లో చూపు లేని మనిషి ఉన్నాడు. ఆయనకి రోడ్డు దాటే పని పెద్దగా లేదు. మా యానాది కాలనీకి ఉన్నది ఒకటే దారి, అదీ ఇసకదారి. ఆయనకి కావాల్సింది వేరే. అది చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది కొత్తపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు. ఉప్పు గాలికి ఏ ఇనుమూ నిలవదు. సైకిల్ చైను, తలుపు బందులు, గాలి పంపు అన్నీ తుప్పు పడతాయి. అందువల్ల మా కాలనీలో బాగుచేసే పని ఎప్పుడూ ఉంటుంది. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆ పని చేసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా మామ రొయ్యల చెరువుకి సున్నం చల్లే కూలికి పోయినాడు. గాలి తిరిగి సున్నం రెండు కళ్ళలో పడింది. (సున్నం పడితే వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, తర్వాత ఆసుపత్రికి పోవాలి. అప్పుడు మాలో ఎవరికీ తెలీదు. గుడ్డతో తుడిచారు.) చూపు పోయింది.

మా అవ్వ పానాల సంచి తీసి దూలానికి కట్టేసింది. "ఇంక కూర్చో నాయనా, చెయ్యి తెగ్గోసుకుంటావు" అంది. ప్రేమతోనే అంది. మామ చాప మీద కూర్చున్నాడు. ఒకసారి ఎట్లా దొరికిందో ఒక పానా దొరికితే చేతిలో తిప్పుకుంటా ఉన్నాడు. నేను పోయి లాక్కున్నాను. "మామా, నీకు కనపడదు గదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నేను మంచి పని చేశాననుకున్నాను. ఇప్పుడు రాస్తా ఉంటే సిగ్గుగా ఉంది.

నేను ఐదో తరగతిలో ఉండగా అమ్మావాళ్ళు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయారు. అవ్వ, మామ, నేను మిగిలాము. నాన్న సైకిల్ పంచరైంది. అవ్వ బియ్యానికి పోయినప్పుడు మామ మెల్లిగా "పాపా, సంచి దించు" అన్నాడు. నేను భయపడతానే దించాను.

ఆయన చేసింది మొత్తం రాస్తాను, ఎందుకంటే మీరు నమ్మరు. టైరు ఒక పక్క విప్పి ట్యూబు లాగి గాలి కొట్టాడు. ట్యూబుని పెదవుల దగ్గర పెట్టి మెల్లిగా తిప్పాడు. చిల్లు దగ్గర గాలి పెదవికి చల్లగా తగులుతుంది. మరీ సన్నది అయితే నీళ్ళలో ముంచి వేళ్ళు పెడితే బుడగలు చక్కిలిగింత పెడతాయంట. వాల్వు నుంచి చిల్లు ఎన్ని జానలో కొలిచాడు. రెండు జానలు. టైరులో కూడా వాల్వు చోటు నుంచి రెండు జానలు కొలిచి, లోపల పాత నూలు గుడ్డతో రుద్దాడు. వట్టి వేలు పెట్టకూడదు. ముల్లు ఉన్నచోట గుడ్డ పీచు తగులుకుంటుంది. తగులుకుంది! సర్కారు తుమ్మ ముల్లు. ఉప్పుకాగితంతో ట్యూబు గీకి, సొల్యూషను పల్చగా పూసి, వేలి వెనకవైపు తాకించి చూసి, అంటుకోకపోతేనే అతుకు వేశాడు. అవ్వ వచ్చేసరికి సైకిల్ నిలబడి ఉంది. అవ్వ తిట్టలేదు, ఏడ్చింది.

ఆ తర్వాత నేను మామ దగ్గర చాలా నేర్చుకున్నాను. చక్రం పుల్లల్ని వేలితో మీటితే బిగుతు పుల్ల "టింగ్" అంటుంది, వదులు పుల్ల "డబ్" అంటుంది. బిగించిన తీగకు పౌనఃపున్యం ఎక్కువ అని మన ధ్వని పాఠంలో సార్ చెప్పినప్పుడు నేను ఒక్కదాన్నే నవ్వాను, సార్ కోప్పడ్డారు. కారణం ఇదే సార్. పానాల మీద ఆకురాయితో గాట్లు పెట్టుకున్నాడు, పదికి ఒకటి, పన్నెండుకి రెండు. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది. కళ్ళున్న నేను దాన్ని తప్పు వైపు తిప్పి బిగించేశాను, ఆయన వదులు చేశాడు.

విప్పిన నట్లు స్టీలు పళ్ళెంలో విప్పిన వరసలోనే పెడతాడు. ఒకరోజు నేను ఇల్లు ఊడుస్తా ఆ పళ్ళెం పక్కకి జరిపాను. మామ చాలాసేపు నేలంతా తడిమాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకి ఆ రోజు అడ్డమైంది గుడ్డితనం కాదు, నేను.

"ప్రమాదం గదా" అని మీరు అడుగుతారు. నిజమే, ఒకసారి మడ్‌గార్డు రేకు వేలికి కోసుకుంది. అదే రేకు మా నాన్నకి కూడా కోసుకుంది, నాన్నని ఎవరూ కూర్చోమనలేదు. కరెంటు పని మాత్రం మామ ఒక్కడే చెయ్యడు. "ఫ్యాను ఆగితే మెయిన్ ఆపినట్టే గదా" అని అవ్వ అంటే, "కరెంటు పోయినా ఆగుద్ది, మళ్ళా వస్తే?" అన్నాడు. చేతగానిది ఏదో ఆయనకే తెలుసు. పట్నంలో ఒక సైకిల్ షాపులో పని అడిగితే చేయించి చూడకుండానే పంపేశారు. అది నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఫ్రాన్సు దేశంలో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ మూడేళ్ళప్పుడు తండ్రి జీనులు కుట్టే కొట్టులో ఆరె కంట్లో గుచ్చుకుని, క్రమంగా రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. అయినా పదిహేనేళ్ళకే చుక్కల లిపి తయారుచేశాడు, ఆ చుక్కలు పొడిచేది కూడా మొనదేలిన పనిముట్టుతోనే. అమెరికాలో రాల్ఫ్ టీటర్ గారికి ఐదేళ్ళప్పుడు కత్తి వల్ల చూపు పోయింది. ఆయన ఇంజనీరు అయి, కారు ఒకే వేగంతో పోయే సాధనం కనిపెట్టాడు. 1958లో క్రైస్లర్ కార్లలో పెట్టారు. అంత దూరం ఎందుకు, మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారికి చూపు లేదని ఇంటరులో సైన్సు ఇవ్వము అన్నారు. కోర్టుకి పోయి సాధించుకున్నారు. 2012లో హైదరాబాదులో సంస్థ పెట్టారు. వీళ్ళ చేతుల్లోది కూడా లాక్కునే వాళ్ళు ఉండే ఉంటారు.

ఇప్పుడు మన హాస్టల్ సంగతి. ఆరో తరగతిలో ఒక చెల్లికి మసకగా కనిపిస్తుంది. తోట పని రోజు మనం పార ఇవ్వము. "నువ్వు కూర్చోమ్మా" అంటాము. మొన్న నేనే అన్నాను. అన్నాక మా అవ్వ గొంతు విన్నట్టు అయ్యింది.

మేడం గారూ, స్నానాల గదిలో రెండు కుళాయిలు కారుతున్నాయి. రాత్రి చప్పుడుకి నిద్ర పట్టడం లేదు. వచ్చే రెండో ఆదివారం మా మామ నన్ను చూడటానికి వస్తాడు. వాషర్లు మార్చడం ఆయనకి వచ్చు. గేటు వాల్వు యాడుందో ఒకసారి చెయ్యి పెట్టి చూపిస్తే చాలు. వాచ్‌మన్ తాత దగ్గరున్న పానాల పెట్టె ఆ రోజు ఇప్పించండి. అరంగుళం వాషర్లు నాలుగు కావాలి. ఆరో తరగతి చెల్లి పక్కన కూర్చుని పని నేర్చుకుంటానంది, నేను అడిగాను.

మిత్రులారా, మీరూ రావచ్చు. పళ్ళెం మాత్రం ఎవరూ జరపొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని